లైటు ఓకే, హారన్ ఓకే

విమానాలు బాగుచేసే ఆ హ్యాంగర్‌లో ఆయన అందరికీ బావే. పదమూడేళ్ళ కిందట ఆయన భార్య తమ్ముడు అక్కడే ఉద్యోగంలో చేరి, మొదటి రోజే నలుగురి ముందు "బావా, నా స్పానరేదీ?" అని అరిచాడు. మర్నాడు టగ్ డ్రైవర్ బావా అన్నాడు. వారం తిరిగేసరికి పెయింటర్లు, కరెంటు పనివాళ్ళు, చివరికి మేనేజరు కూడా ఆ పిలుపులోకి వచ్చేశారు. స్టోర్స్‌లో పనిచేసే ఆవిడ ఒక్కతే అన్నయ్యా అంటుంది. ఎందుకని ఎవరూ అడగలేదు.

విమానంలో నిప్పును కనిపెట్టే ఏర్పాట్లు, ఆర్పే ఏర్పాట్లు బావ పని. ఇరవై రెండేళ్ళుగా అదే. ఇంజన్ చుట్టూ, పెన్ను రీఫిల్ కంటే సన్నగా ఉండే ఒక తీగ తిరుగుతుంది. వేడి హద్దు దాటితే అది కాక్‌పిట్‌కి కబురు పంపుతుంది. అలాంటి తీగలు రెండు పక్కపక్కనే ఉంటాయి. ఒకటి లూపు ఎ, ఇంకోటి లూపు బి. రెండూ వేడి అంటేనే గంట మోగుతుంది. ఒకటి వేడి అని, రెండోది ఏమీ లేదంటే గంట మోగదు. లోపం ఉందని ఒక లైటు వెలుగుతుంది, అంతే. నిప్పు లేదు, తీగకే ఏదో అయిందని దాని అర్థం.

ఈ పద్ధతిని ఆయన ఇంటికి కూడా పట్టుకెళ్ళాడు. భార్య లూపు ఎ, కూతురు లూపు బి. గడ్డం పెరిగిందని ఇద్దరూ అంటే గీసుకుంటాడు. ఒక్కరే అంటే "లూపు లోపం" అని పేపరు తిరగేస్తాడు. ఈ లెక్కన ఆ ఇంట్లో సోఫా మారింది, సిగరెట్లు పోయాయి. మోచేతుల దగ్గర అరిగిన నీలం చొక్కా మాత్రం మిగిలింది. భార్య పారేయమంది, కూతురు ఉండనీ అంది.

ఏడాదిగా భార్య చెబుతున్నది ఒకటే మాట. ఆయనకి వినబడటం లేదని.

"కెటిల్ కూసి కూసి నీళ్ళన్నీ ఇగిరిపోయాయి. పక్కనే కూర్చున్నారు కదండీ!" అంది ఆ సోమవారం ఉదయం, కెటిల్ మూత తీసి చూపిస్తూ.

"పేపరు చదువుతున్నా."

"పేపరు కళ్ళతో చదువుతారు. చెవులేం చేస్తున్నాయి?"

బావ కూతురి వైపు తిరిగాడు. ఆ అమ్మాయి ఎప్పట్లాగే ఆయనకి కుడిపక్కన కూర్చుని, బ్యాగులో పుస్తకాలు సర్దుకుంటోంది. "లూపు బి ఏమంటుంది?"

"నాన్నకి బానే వినబడుతుందమ్మా. మనం చెప్పింది పట్టించుకోడు, అంతే."

"చూశావా. లోపం నీ వైపు," అన్నాడు బావ.

"సరే, తండ్రీకూతుళ్ళు ఒకటైపోండి. రేపు ఇల్లంటుకున్నా ఇద్దరూ ఓటింగు పెట్టుకోండి," అని ఆవిడ కెటిల్‌లో మళ్ళీ నీళ్ళు పోసింది.

హ్యాంగర్‌లో చెవుల పరీక్ష మూడేళ్ళకోసారి చేస్తారు. పోయినసారి బావ నెగ్గాడు. మళ్ళీ పరీక్షకి ఇంకా ఐదు నెలలుంది.

*

ఆ వారం హ్యాంగర్‌లో ఒక విమానం ఉంది. ఎనిమిది రోజుల తనిఖీ అయిపోవచ్చింది. మంగళవారం సాయంత్రం నాలుగింటికి బావ చేతిలో మిగిలిన పని కార్డు ఒక్కటే. తోక ఇంజన్ తాలూకు ఫైర్ టెస్టు.

విమానం తోకలో ఒక చిన్న ఇంజన్ ఉంటుంది. నేల మీద ఉన్నప్పుడు కరెంటు, చల్లగాలి ఇచ్చేది అదే. అది నడుస్తున్నప్పుడు కాక్‌పిట్‌లో చాలాసార్లు ఎవరూ ఉండరు. దానికి నిప్పంటుకుంటే కింద పనిచేసేవాళ్ళకే ముందు తెలియాలి. అందుకని వీల్‌వెల్‌లో, అంటే విమానం ఎగిరాక చక్రాలు ముడుచుకునే గదిలో, ఒక ఎర్ర లైటు, ఒక హారన్, నిప్పునార్పే సీసాని పేల్చే ఒక మీట ఉంటాయి. లైటు అటు తిరిగి ఉన్నవాడికే కనబడుతుంది. ఎటు తిరిగి ఉన్నా పిలిచేది హారన్. అది సన్నగా, ఆగి ఆగి కూస్తుంది.

కార్డులో రెండు గళ్ళుంటాయి. ఒకటి మెకానిక్‌ది, ఒకటి ఇన్‌స్పెక్టర్‌ది. ఒకసారి ఇన్‌స్పెక్టర్ కాక్‌పిట్‌లో టెస్టు బటన్ నొక్కుతాడు, మెకానిక్ కింద చూసి, విని చెబుతాడు. ఇంకోసారి చోట్లు మారాలి, ఏది ముందైనా ఫరవాలేదు. మెకానిక్ పైకి వెళ్ళి నొక్కితే ఇన్‌స్పెక్టర్ కిందికి దిగి తన చెవులతో తను వినాలి.

ఆ ఇన్‌స్పెక్టర్ బావమరిదే. స్పానర్ కోసం అరిచినవాడు. బావ దగ్గర పని నేర్చుకుని, పరీక్షలు రాసి, బావ సంతకం పక్కన స్టాంపు వేసే స్థాయికి వచ్చాడు. గత మూడేళ్ళుగా ఈ ఒక్క కార్డుకి వాళ్ళు చోట్లు మారడం లేదు. కాక్‌పిట్ మెట్లు ఎక్కి దిగడం బావ మోకాళ్ళకి కష్టమని బావమరిది మొదలుపెట్టిన ఏర్పాటిది. "బావ విన్నాడంటే నేను విన్నట్టే," అనేవాడు.

బావ హెడ్‌సెట్ పెట్టుకుని వీల్‌వెల్‌లో నిలబడ్డాడు. హెడ్‌సెట్ చెవుల్ని మూస్తుంది. అయినా హారన్ కూత దాన్ని దాటుకుని వస్తుంది.

"నొక్కుతున్నా బావా," అంది హెడ్‌సెట్.

ఎర్ర లైటు వెలిగి ఆరి, వెలిగి ఆరి చేసింది.

"లైటు ఓకే, హారన్ ఓకే," అన్నాడు బావ. ఇరవై రెండేళ్ళుగా ఆ నాలుగు మాటలూ ఆయన నోట్లోంచి ఒకే ఊపిరిలో వస్తున్నాయి.

కార్డు మీద సంతకం పడింది, స్టాంపు పడింది. "ఆదివారం అక్క భోజనానికి రమ్మంది. వస్తున్నా," అన్నాడు బావమరిది కిందికి దిగి.

"నువ్వు రాని ఆదివారం ఏదో చెప్పు, క్యాలెండర్లో గుర్తు పెట్టుకుంటా."

*

బుధవారం ఉదయం పదిన్నరకి టీ విరామం. టగ్ డ్రైవర్ తన బండి బంపర్ మీద కూర్చుని కప్పు ఊదుకుంటున్నాడు. విమానాన్ని హ్యాంగర్‌లోంచి బయటికి లాక్కెళ్ళేది ఆయనే. బండిని ఎప్పుడూ విమానం పక్కనే పెట్టుకుంటాడు కాబట్టి, టెస్టు జరిగిన ప్రతిసారీ హారన్‌ని తిడతాడు.

"నిన్న మా మీద దయ తలిచారు బావా," అన్నాడు.

"దేనికి?"

"ఆ కూత లేకుండా టెస్టు కానిచ్చారుగా. పోయిన నెల రెండు విమానాలకి రెండుసార్లూ టీ ఒంటి మీద పోసుకున్నా. నిన్న చుక్క ఒలకలేదు. నా చొక్కా సాక్షి."

బావ కప్పు పెదాల దగ్గరే ఉండిపోయింది. "నువ్వు ఇక్కడే ఉన్నావా నిన్న?"

"ఇక్కడే. నువ్వు వీల్‌వెల్‌లోంచి బయటికి రావడం కూడా చూశా. ఏం, కొత్త హారన్ పెట్టారా?"

"ఆఁ, చూస్తా," అని బావ కప్పు బంపర్ మీద పెట్టి లేచాడు. టీ సగం మిగిలి ఉంది.

టూల్‌రూమ్‌లోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. సొరుగులోంచి రాచెట్ స్పానర్ తీశాడు. వెనక్కి తిప్పితే అది టిక్‌టిక్‌మంటుంది. ఎడమ చెవి దగ్గర పెట్టి తిప్పాడు. టిక్కు చేతికి తెలిసింది, చెవికి తెలియలేదు. కుడి చెవి దగ్గర పెట్టి తిప్పాడు. దూరంగా ఏదో ఉన్నట్టు అనిపించింది. కళ్ళు మూసుకుని మళ్ళీ తిప్పాడు. అప్పుడు అది కూడా లేదు.

నిన్న హారన్ మోగిందా లేదా అని ఆలోచించాడు. పోయిన నెల మోగిందా, ఆ ముందు నెల మోగిందా అని కూడా ఆలోచించాడు. లైటు వెలగడం ప్రతిసారీ గుర్తుంది. హారన్ ఆఖరుసారి ఎప్పుడు విన్నాడో గుర్తు రాలేదు. పోయిన నెల రెండు విమానాలకి టగ్ డ్రైవర్ చొక్కా సాక్ష్యం ఉంది. దీనికి లేదు. దీన్ని మధ్యాహ్నం రెండింటికి బయటికి లాగుతారు. సాయంత్రం మనుషులు ఎక్కుతారు.

ఫోన్ తీసి కుడి చెవికి పెట్టుకున్నాడు. కూతురు ఎత్తింది.

"ఏంటి నాన్నా, ఈ టైంలో?"

"ఒక్క మాట. నువ్వు బల్ల దగ్గర నాకు ఎటుపక్క కూర్చుంటావు?"

ఫోన్ కట్ అయిందేమోనని ఆయన తెర చూశాడు.

"కుడిపక్క," అంది.

"ముందు కిటికీ వైపు కూర్చునేదానివి. అది ఎడమపక్క. ఎప్పుడు మారావు?"

"పోయినేడు. నీతో రెండుసార్లు ఒకటే మాట చెప్పాల్సి వస్తోందని... అటు మారితే ఒక్కసారికే సరిపోతోంది."

"మరి అమ్మ అడిగినప్పుడల్లా బానే ఉందంటావేం?"

"అమ్మ చెప్పిందానికి నేనూ అవునంటే నువ్వు డాక్టర్ దగ్గరికి వెళ్తావు. వెళ్తే నిన్ను విమానం దగ్గరికి రానివ్వరు. నువ్వు ఇంట్లో ఒక్క రోజు సెలవు పెడితేనే కుక్కర్ విప్పి, ఫ్యాన్ విప్పి మమ్మల్ని చంపుతావు." నవ్వబోయింది. నవ్వు పూర్తి కాలేదు.

"నిన్ను నేను ఎందుకు పెట్టానే అక్కడ? లూపు బి అబద్ధం చెబితే గంట మోగదు."

"ఏమైంది నాన్నా?"

"ఇంకా ఏమీ కాలేదు. ఇప్పుడు చెప్పు. అమ్మ అడిగినట్టే అనుకో."

"నాన్నా, నీకు వినబడట్లేదు," అంది కూతురు.

"సరే. ఏడవకు. మంచి పని చేశావు," అన్నాడు బావ. ఆ పిల్ల ఏడుస్తోందో లేదో ఆయనకి తెలియదు. ఊహించి అన్నాడు.

*

బావమరిది ఇన్‌స్పెక్టర్ల గదిలో ఒక్కడే ఉన్నాడు. బావ వెళ్ళి ఎదురు కుర్చీలో కూర్చున్నాడు.

"నిన్నటి కార్డు తియ్యరా. తోక ఇంజన్‌ది."

"అది మూసేశాం కదా."

"తెరువు. హారన్ నేను వినలేదు."

బావమరిది పెన్ను కింద పెట్టాడు. "మోగలేదా?"

"మోగిందో లేదో నాకు తెలీదు. లైటు చూసి రెండూ ఓకే అనేశా. టగ్ డ్రైవర్ మోగలేదంటున్నాడు. నాకు చెవులు పోయాయిరా. మీ అక్క ఏడాదిగా అంటూనే ఉంది."

"అక్క అన్నీ అంటుంది." అలవాటు కొద్దీ ఆ మాట అనేసి, బావ ముఖం చూసి ఆగాడు. లేచి తలుపు దగ్గరికి వేశాడు. "విను. ఇప్పుడు పదకొండు. ఇద్దరం వెళ్ళి ఒక్కసారి నొక్కుదాం. నేను కింద నిలబడతా. మోగితే గొడవే లేదు. మోగకపోతే కొత్తగా దొరికిన లోపం అని రాసి బాగుచేద్దాం. నిన్నటి సంగతి ఎవరికీ తెలియక్కర్లేదు."

"మోగితే?"

"మోగితే ఇంకేం, హాయి."

"మోగినా నేను వినలేదు. వినకుండా విన్నానని సంతకం పెట్టా. వచ్చే నెల ఇంకో విమానం కింద నిలబడి మళ్ళీ అదే అంటా. ప్రతిసారీ టగ్ డ్రైవర్ టీ తాగుతూ ఉంటాడా?"

బావమరిది కార్డుల పెట్టె వైపు చూశాడు.

"నీ గడి జోలికి నేను పోను," అన్నాడు బావ. "నా గడిలో తప్పు నేను రాసుకుంటా. నువ్వు దిగి విన్నావా లేదా అని నన్నెవరూ అడగరు."

"నిన్ను అడగరు. నన్ను అడుగుతారు. నా గడి నీ గడి మీదే నిలబడింది కదా బావా. అది తీసేస్తే ఇదెక్కడ ఉంటుంది?" బావమరిది కార్డుల పెట్టెలోంచి ఆ కార్డు తీసి బల్ల మీద పెట్టాడు. స్టాంపు జేబులోనే ఉంది. దాన్ని తీసి ఒకసారి అటూ ఇటూ తిప్పి, కార్డు పక్కన పెట్టాడు. "ఇది తీసుకుంటారు."

"ఎన్నాళ్ళు?"

"నెల కావచ్చు, ఆరు నెలలు కావచ్చు. ముందు నువ్వు రాయి. పెద్దవాడివి."

బావ రాశాడు: హారన్ శబ్దం నేను వినలేదు. నా వినికిడి సరిగా లేదు. పరీక్ష మళ్ళీ చెయ్యాలి. కింద సంతకం, సమయం. పదకొండు పన్నెండు.

బావమరిది దాని కింద రాశాడు: నేను కిందికి దిగి వినలేదు. మెకానిక్ మాట మీద స్టాంపు వేశాను. సంతకం, సమయం. పదకొండు పద్నాలుగు.

"రెండు నిమిషాలు పట్టింది నీకు," అన్నాడు బావ.

"నీ చేతిరాత చదవడానికి పట్టింది," అన్నాడు బావమరిది.

మేనేజరు కార్డు రెండుసార్లు చదివాడు. ఇద్దరినీ చూశాడు. "బావగారూ, నన్ను కూర్చోనివ్వండి ముందు," అని, కూర్చునే ఉన్నాడన్న సంగతి తెలుసుకుని, ఫోన్ తీసి రెండింటికి జరగాల్సిన లాగుడు ఆపమన్నాడు. తర్వాత ఇంకో ఇన్‌స్పెక్టర్‌ని పిలిపించాడు.

ఆ ఇన్‌స్పెక్టర్ వీల్‌వెల్‌లో నిలబడ్డాడు. బావమరిది కాక్‌పిట్‌లో బటన్ నొక్కాడు. టగ్ డ్రైవర్ ముందుగానే రెండు చెవుల్లో వేళ్ళు పెట్టుకున్నాడు. బావ విమానం చుట్టూ గీసిన పసుపు గీత అవతల నిలబడి టగ్ డ్రైవర్ ముఖం చూస్తున్నాడు. లైటు వెలిగి ఆరుతోంది. టగ్ డ్రైవర్ ఒక వేలు తీశాడు, రెండో వేలు తీశాడు. "మోగట్లేదు," అన్నాడు. బావ ఆ మాట ఆయన పెదాల మీద చదువుకున్నాడు.

ఏడు నిమిషాల్లో కారణం దొరికింది. ఆ ఎనిమిది రోజుల్లో ఎవరో హారన్ వెనకున్న గొట్టం మార్చారు. గొట్టం అందడానికి హారన్ ప్లగ్గు పీకి, అడ్డు రాకుండా దారంతో పక్కకి కట్టారు. గొట్టం బిగించి వెళ్ళిపోయారు. ప్లగ్గు ఆ దారానికే వేలాడుతోంది. లైటుకి వేరే తీగ కాబట్టి లైటు వెలిగింది.

ప్లగ్గు పెట్టి మళ్ళీ నొక్కారు. ఈసారి హ్యాంగర్‌లో అందరూ తలలు తిప్పారు. బావ కూడా తిప్పాడు, అందరూ తిప్పారు కాబట్టి. మూడూ పదికి విమానం బయటికి వెళ్ళింది.

*

ఆ సాయంత్రం ఇద్దరూ ఒకే బండి మీద ఇంటికి వచ్చారు. ఆదివారం కాకుండా తమ్ముడు రావడం చూసి ఆవిడ తలుపు దగ్గరే ఆగింది. కూతురు ఏం చెప్పిందో ఏమో, ఏమీ అడగలేదు. టీ పెట్టింది. కెటిల్ కూసింది. బావ తల ఎత్తలేదు. ఆవిడ అది చూసింది.

కప్పులు బల్ల మీద పెట్టాక అడిగింది. "ఏడాది నుంచీ లూపు లోపం అన్నారు."

"అన్నాను."

"ఇప్పుడేమంటారు?"

"గంట మోగింది."

బావమరిది నవ్వాడు. ఆవిడ అటు తిరిగింది. "నువ్వు నవ్వకురా. మీ ఇద్దరికీ కలిపి ఒక్క చెవున్నా ఈ పని జరిగేది కాదు. అక్క చెప్పిన మాట నమ్మవు, బావ చెప్పిన మాట మాత్రం మెట్లు దిగకుండా నమ్ముతావు."

"బావ మోకాళ్ళు..."

"ఆయన మోకాళ్ళకి నీ చెవులు పనిచెయ్యడం మానేశాయా?"

ఆవిడ భర్త కప్పులో చక్కెర వేసి, తనే కలిపి ఇచ్చింది. అలా కలిపి ఇవ్వడం ఆ ఇంట్లో ఎప్పుడూ లేదు.

"విమానం దగ్గరికి రానివ్వరా ఇంక?" అని అడిగింది. ఈసారి గొంతు పెంచి, ముఖం ఆయనకి కనబడేలా పెట్టి.

"టెస్టులకి రానివ్వరు. నిప్పునార్పే సీసాల గదిలో వేస్తారట, డాక్టర్ చూశాక. అక్కడ వినేదేం లేదు. తూచడమే."

"పోన్లే. కుక్కర్ బతికింది," అంది కూతురు. బావ చేత్తో కిటికీ వైపు, తన ఎడమపక్క కుర్చీని వెనక్కి లాగాడు. ఆ అమ్మాయి లేచి వచ్చి అందులో కూర్చుంది.

*

ఆరు వారాలు గడిచాయి. నిప్పునార్పే సీసాల గది హ్యాంగర్ మూల, స్టోర్స్ పక్కన ఉంది. గుమ్మడికాయలంత ఇనుప సీసాలు అరల మీద వరసగా ఉంటాయి. బావ ఒక్కోదాన్ని త్రాసు మీద పెడతాడు. సీసా మీద అచ్చు కొట్టిన బరువు, త్రాసు చూపిన బరువు పక్కపక్కన రాస్తాడు. లోపలి ఒత్తిడి చూపే ముల్లు చూస్తాడు. సీసాని పేల్చే మందు తూటా మీద తేదీ చూస్తాడు. తేదీ దాటితే తీసేస్తాడు. చెవుల్లో డాక్టర్ ఇచ్చిన మిషన్లున్నాయి. చొక్కా నీలందే. లూపు బి మాట మార్చలేదు.

బావమరిది స్టాంపు నెల తర్వాత తిరిగి వచ్చింది. తిరిగి ఇచ్చేముందు అతని చేత ఆ కార్డు పని మూడుసార్లు, చోట్లు మారుతూ, చేయించారు.

గురువారం నాలుగింటికి బావ ఒక సీసాని త్రాసు మీద పెట్టి పెన్సిల్ తీసుకున్నాడు. ఏదో సన్నగా కూసింది. త్రాసు వైపు చూశాడు. చెవి మిషన్ కూస్తోందేమోనని ఒకటి తీశాడు. కూత సగమైంది. మళ్ళీ పెట్టుకున్నాడు. కూత ఆగి, మళ్ళీ మొదలైంది.

పెన్సిల్ పెట్టేసి గుమ్మంలోకి వచ్చాడు. స్టోర్స్ ఆవిడ చెవులు మూసుకుని ఉంది.

"మోగుతోంది," అన్నాడు బావ.

"ఎవరికి చెబుతున్నావు అన్నయ్యా?" అని ఆవిడ అరిచింది.

విమానం కింద బావమరిది హెడ్‌సెట్ పెట్టుకుని నిలబడి ఉన్నాడు. కూత ఆగింది. "లైటు ఓకే," అన్నాడు. ఊపిరి పీల్చుకున్నాడు. "హారన్ ఓకే." కాక్‌పిట్‌లోంచి దిగి వచ్చిన కొత్త మెకానిక్ చేతికి హెడ్‌సెట్ ఇచ్చి, తను మెట్లు ఎక్కడం మొదలుపెట్టాడు.

టగ్ డ్రైవర్ చొక్కా దులుపుకుంటూ వచ్చాడు. పొట్ట మీద టీ మరక ఉంది. "అయిపోయింది కదా బావా? వీడు మళ్ళీ పైకెందుకు వెళ్తున్నాడు?"

"ఇంకో మనిషి వినాలి."

"నేను విన్నానుగా!"

"కార్డులో నీకు గడి లేదు."

టగ్ డ్రైవర్ బావని ఒకసారి, మెట్లని ఒకసారి చూశాడు. కప్పు నేల మీద, చక్రానికి దూరంగా పెట్టి, రెండు చెవుల్లో వేళ్ళు పెట్టుకున్నాడు. బావ చేతులు కిందికే ఉంచుకుని ఎదురుచూశాడు.